పాల కేంద్రం పరికరానికి కొత్త ఆలోచన తట్టడం లేదు: మీకు నిజంగా పనిచేసిన వింత పద్ధతులు చెప్పండి

గీతల_సంచి
మా బృందంలో ఐదుగురం ఉన్నాం. పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాల్లో రైతు చేతికి అందే ఒక చిన్న పరికరాన్ని రూపొందించే పని మాకు వచ్చింది. ఈ రంగం తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. పొద్దున, సాయంత్రం పాలు తెచ్చినప్పుడు కేంద్రంలోని ఉద్యోగి తూకం వేసి, కాసిన్ని పాలు శాంపిల్ తీసి ఎనలైజర్‌లో పెడతారు. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థాల శాతం) అంకెలు వస్తాయి. వాటిని బట్టి లీటరు ధర లెక్క కట్టి ఒక స్లిప్పు అచ్చవుతుంది. డబ్బు పదిహేను రోజులకు ఒకసారి చేతికి వస్తుంది. మేము చూసిన కేంద్రాల్లో పాలు పోసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. నిన్నటి ధర ఈ రోజు ఎందుకు రాలేదో వారికి తెలియదు, అడిగితే వెనక వరుస ఆగిపోతుందని అడగరు, కానీ మోసం జరుగుతోందన్న అనుమానం మాత్రం ఇంటికి తీసుకెళతారు. ఆ అనుమానాన్ని తీర్చే పరికరం కావాలి.

ఆరు వారాల్లో మూడు వర్క్‌షాపులు పెట్టుకున్నాం. గోడల నిండా రంగు చీటీలు అంటించాం. మూడుసార్లూ చివరికి మిగిలినవి మూడే ఆలోచనలు: ఫోన్ యాప్, ఎస్సెమ్మెస్, పెద్ద రంగుల తెర. ఇవి ఆ గదిలోకి అడుగు పెట్టకముందే మా అందరి మనసుల్లో ఉన్నవి. కాబట్టి ఆ మూడు రోజుల్లో మేము కొత్తగా ఏమీ ఆలోచించలేదనే నా నమ్మకం.

శిక్షణ తరగతుల్లో చెప్పేవి కాకుండా, మీరు స్వయంగా చేసినవి, చూసేవారు వింతగా చూసినా ఫలితం ఇచ్చినవి ఉంటే చెప్పండి. ఫలితం ఇవ్వనివాటి గురించి కూడా తెలుసుకోవాలని ఉంది.

నల్లబల్ల
లోపం మీ బృందంలో లేదు, అందరూ ఒక గదిలో కూర్చుని పైకి ఆలోచించే పద్ధతిలో ఉంది. మేధోమథనం అని మనం పిలుచుకునే ఈ పద్ధతికి ప్రకటనల రంగంలోని అలెక్స్ ఆస్‌బోర్న్ 1940లలో ప్రచారం తెచ్చారు. 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షకు పెట్టారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనల కంటే, విడివిడిగా కూర్చున్న నలుగురి జాబితాలను కలిపితే వచ్చినవే ఎక్కువగా ఉన్నాయి. 1987లో డీల్, స్ట్రోబె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనికి ముఖ్య కారణం పట్టుకున్నారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగిలినవారు తమ వంతు కోసం ఆగాలి. ఆ ఆగడంలోనే ఆలోచన జారిపోతుంది.

నా విద్యార్థుల చేత నేను మౌనంగా రాయించే పద్ధతి 1960ల చివర్లో జర్మనీలో పుట్టింది. ఆరుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరు ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి కాగితాన్ని పక్కవారికి ఇస్తారు, ఆ పక్కవారు పైన ఉన్నవి చదివి వాటి కింద మరో మూడు రాస్తారు. ఆరు వంతులు పూర్తయ్యేసరికి, అంటే అరగంటలో, కాగితాల మీద 108 ఆలోచనలు ఉంటాయి. ఒక్క మాట కూడా ఎవరూ మాట్లాడరు.

రాత్రి_షిఫ్టు
నల్లబల్ల గారు చెప్పిన పరిశోధనల మీద నాకు అభ్యంతరం లేదు. అయితే గీతల_సంచి గారికి ఆలోచనల సంఖ్య తక్కువై బాధ రాలేదు, అన్నీ ఒకే మూసలో రావడం వల్ల వచ్చింది. ఒకే కార్యాలయంలో ఒకే రకం ఫోను పట్టుకుని కూర్చునే ఆరుగురు మౌనంగా రాసినా 108 యాప్‌లే వస్తాయి.

నల్లబల్ల
ఆ మాట ఒప్పుకుంటాను. మౌనం వల్ల సంకోచం పోతుంది, అనుభవం మాత్రం రాదు.

చెక్కముక్క
అనుభవం తెచ్చుకోవడానికి నేను ఎక్కువగా నమ్మే పద్ధతి జెఫ్ హాకిన్స్‌ది. ఆయన రూపొందించిన పైలట్ అనే జేబు కంప్యూటరు (తరువాత దాన్నే పామ్‌పైలట్ అన్నారు) 1996లో బజారులోకి వచ్చింది. దాన్ని తయారు చేయకముందు ఆయన తన చొక్కా జేబులో పట్టేంత చెక్కముక్క ఒకటి కోసుకుని, దాని మీద తెరలా కనిపించే కాగితం అంటించి, తినే పుల్లను చెక్కి కలంలా చేసుకుని, కొన్ని నెలల పాటు వెంట తిప్పారు. ఎవరైనా ఫలానా రోజు ఖాళీగా ఉన్నారా అని అడిగితే జేబులోంచి చెక్క తీసి, దాని మీద పుల్లతో తట్టి, చూసుకుంటున్నట్టు నటించేవారు. పక్కవారికి అది ఎంత విచిత్రంగా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆయనకు మాత్రం రోజుకు ఎన్నిసార్లు తీస్తున్నారో, దేని కోసం తీస్తున్నారో, ఎన్ని తట్ల తరువాత విసుగు వస్తోందో తెలిసింది. ఏ ఏ పనులు అందులో ఉండాలి, ఏవి అక్కర్లేదు అన్న నిర్ణయాలకు ఆ చెక్కముక్క ఆధారమైంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. యంత్రం లేకుండానే యంత్రంతో బతకవచ్చు. నా పేరు కూడా అక్కడి నుంచే తీసుకున్నాను. గీతల_సంచి గారు, మీ పరికరం ఎంత ఉండాలని అనుకుంటున్నారో అంత చెక్క ఒకటి కోయించి, తెల్లవారుజామున పాల క్యానుతో వరుసలో నిలబడి చూడండి.

మునివేలు
చెక్కముక్క గారి మాటకు నా అనుభవం ఒకటి చేరుస్తాను. కొన్నేళ్ల క్రితం బస్సు కండక్టర్లు వాడే టికెట్ యంత్రానికి కొత్త రూపం ఇచ్చే పనిలో ఉన్నాను. కార్యాలయంలో బల్ల మీద కాగితపు తెరలు పరిచి రెండు చేతులతో వేళ్లు ఆడిస్తూ నెల గడిపాం. అన్నీ సవ్యంగానే తోచాయి. ఒకరోజు మాలో ఒకరు కుర్చీలను రెండు వరుసలుగా బస్సులా సర్ది, పన్నెండు మందిని నిలబెట్టి, థర్మాకోల్‌తో చేసిన యంత్రం నా చేతికి ఇచ్చి టికెట్లు కొట్టమన్నారు. వెనక నుంచి ఒకరు నన్ను ఊపుతూ ఉన్నారు. పది నిమిషాలు కాకముందే బల్ల మీద వేసిన తెరలన్నీ పనికిరావని తెలిసిపోయింది.

కండక్టరు ఎడమ చేతి వేళ్ల మధ్య నిలువుగా మడిచిన నోట్లు ఉంటాయి. ఆ చేత్తోనే యంత్రాన్ని పట్టుకోవాలి. కుడి చేయి కాసేపు కడ్డీ మీద, కాసేపు చిల్లర సంచిలో ఉంటుంది. మిగిలేది ఒక్క బొటనవేలు. ఎక్కువగా కొట్టే టికెట్లన్నీ బొటనవేలికి అందే చోట ఉండాలన్న ఆలోచన ఆ కుర్చీల బస్సులోనే పుట్టింది. 1990లలో అమెరికాలో కొందరు డిజైనర్లు ఇలా శరీరంతో ఆలోచించడానికి బాడీస్టార్మింగ్ అని పేరు పెట్టారు. పేరు ఏదైనా, గీతల_సంచి గారి వర్క్‌షాపుల్లో పాల క్యాను లేకపోవడమే నాకు కనిపించిన లోపం.

రాత్రి_షిఫ్టు
మునివేలు గారు, మీ అనుభవం విలువైనదే, కానీ ఒక అనుమానం ఉంది. ఆ వేళ్ల మధ్య నోట్ల సంగతి మీకు కుర్చీల బస్సులో తెలిసిందా, నిజమైన బస్సులో కండక్టరును చూసి తెలిసిందా?

మునివేలు
నిజమైన బస్సులో చూశాను, కానీ చూసినప్పుడు దాని విలువ తెలియలేదు. నా చేతి వేళ్ల మధ్య నోట్లు పెట్టుకుని థర్మాకోల్ ముక్క పట్టుకున్నాకే తెలిసింది. రెండూ కావాలి.

రాత్రి_షిఫ్టు
అలాగైతే నా అభ్యంతరం తగ్గింది, పూర్తిగా పోలేదు. నటన చవకగా దొరికే పద్ధతి కాబట్టి దాన్ని అరగంటలో ముగించి, రైతు కష్టం మాకు తెలిసిందని అనుకునే ప్రమాదం ఉంది. దీన్ని నిజాయతీగా చేసిన ఒకరి ఉదాహరణ చెబుతాను.

1979లో ప్యాట్రీషియా మూర్ వయసు 26 ఏళ్లు. న్యూయార్క్‌లో పేరున్న పారిశ్రామిక డిజైనర్ రేమండ్ లోవీ కార్యాలయంలో డిజైనరుగా పనిచేసేవారు. ముసలివారికి వస్తువులు ఎందుకు కష్టంగా ఉంటాయో తెలుసుకోవడానికి ఆవిడ తానే ముసలావిడ వేషం వేశారు. ముఖానికి ముడతలు, చూపు మసకబార్చే కళ్లద్దాలు, చెవుల్లో వినికిడి తగ్గించే దిమ్మలు, కీళ్లు వంగకుండా కట్టిన కట్లు. ఆ వేషంతో మూడేళ్లకు పైగా, వందకు మించిన ఊళ్లలో బస్సులెక్కారు, దుకాణాల్లో సరుకులు కొన్నారు, వీధులు దాటారు. దారిలో ఆవిడను కొట్టి దోచుకున్నవారు కూడా ఉన్నారు. మూడేళ్లు అన్న మాటను దయచేసి గమనించండి. తరువాతి కాలంలో వయసు, శక్తి భేదం లేకుండా అందరికీ పనికొచ్చేలా వస్తువులు చేయాలన్న ఉద్యమానికి ఆవిడ ముఖ్యుల్లో ఒకరయ్యారు.

మనలో ఎవరూ మూడేళ్లు ఇవ్వలేరు. కనీసం పదిహేను రోజుల పాలబిల్లు గడువు ఒక్కటైనా కేంద్రంలో నిలబడితే, నటించే హక్కు వస్తుందని నా అభిప్రాయం.

తెల్లపొణికి
నటన, పరిశీలన గురించి చాలా చెప్పారు, వస్తువుల గురించి ఎవరూ చెప్పలేదు. నా దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. అందులో ఏటికొప్పాక లక్క బొంగరం, కొండపల్లి బొమ్మ చేయడానికి వాడే తెల్ల పొణికి చెక్క, కుక్కరు విజిల్, ఎద్దు మెడ గంట, సైకిల్ బెల్లు మూత, తాటాకు గిలక, గాజు గోళీలు, తాళం వేసే రకం కుంకుమ భరిణె ఉన్నాయి. ఆలోచన ఆగిపోయినప్పుడు పెట్టె బోర్లించి, చేతికి వచ్చిన రెండు వస్తువులతో సమస్యకు సమాధానం చెప్పాలని మాకు మేమే నియమం పెట్టుకున్నాం. ఐడియో అనే డిజైన్ సంస్థ ఇలాంటి పెట్టెలను సొరుగులతో, జాబితాతో సహా తన కార్యాలయాల్లో చాలాకాలం నడిపింది.

ఆపిల్ లీసా కంప్యూటరుకు మౌస్ తయారు చేసే పని వచ్చినప్పుడు డీన్ హోవీ అనే ఇంజినీరు దుకాణానికి వెళ్లి, చంకలో రాసుకునే సువాసన సీసాలు కొని, వాటి మూతి దగ్గర తిరిగే బంతిని ఊడదీసి, వెన్న పెట్టుకునే ప్లాస్టిక్ గిన్నె కింద అమర్చి మొదటి నమూనా చేశారు. ఇంకోసారి ముక్కు శస్త్రచికిత్స పరికరం గురించి వైద్యులు మాటలతో చెప్పలేక ఇబ్బంది పడుతుంటే, ఐడియోలోని ఒక ఇంజినీరు బయటకు వెళ్లి బోర్డు మీద రాసే మార్కరు, కెమెరా ఫిల్మ్ డబ్బా, బట్టల క్లిప్పు కలిపి టేపు చుట్టి తెచ్చారు. తుపాకీలా పట్టుకోవచ్చా అని అడగడానికి మాటలు చాలలేదు, ఆ ముద్ద చాలింది.

ఏటికొప్పాక బొంగరం తిరిగేటప్పుడు రంగు వలయాలు కలిసిపోయి కొత్త రంగు కనిపిస్తుంది. దాన్ని చూసి పుట్టిన ఒక గుబ్బ తరువాత మా ఇంటి ఫ్యాను రెగ్యులేటరు నమూనా అయింది. వేగాన్ని అంకెతో కాకుండా రంగుతో చెబుతుంది.

చెంబు
తెల్లపొణికి గారి పెట్టెకు నాదొక సూచన. కొత్త వస్తువులు వెతకకముందు ఉన్న వస్తువు దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబు గురించి రాశారు. తరువాత 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడటానికి ఆ నివేదికే ప్రేరణ. చెంబులో ఎంత నీరు పడితే మోయగలం, నెత్తిన పెట్టినప్పుడు, నడుమున పెట్టినప్పుడు బరువు ఎటు వాలుతుంది, నిండుగా ఉన్నప్పుడు వంచితే ఎలా పడుతుంది, సగం ఉన్నప్పుడు ఎలా, ఇంకో పాత్రకు తగిలితే ఏ చప్పుడు వస్తుంది, ఇలా ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పోయారు.

గీతల_సంచి గారు, మీ బృందంలో ఐదుగురినీ ఒక పాల క్యాను ముందు గంటసేపు కూర్చోబెట్టి, దాని గురించి ప్రశ్నలు మాత్రమే రాయించండి. సమాధానాలు రాయనివ్వకండి.

అమ్మమ్మ_గోడ
పరికరం అన్న మాట విన్నప్పటి నుంచి నాకు మా అమ్మమ్మ ఇంటి గోడ గుర్తుకు వస్తోంది. పాలు పోసే ఆయన వచ్చిన ప్రతిపూటా అమ్మమ్మ వంటింటి గడప పక్కన బొగ్గుతో ఒక గీత గీసేది. అరశేరైతే పొట్టి గీత, శేరైతే పొడుగు గీత, రాని పూట సున్నా. నెలాఖరున ఇద్దరూ గోడ ముందు నిలబడి లెక్క చూసుకునేవారు. ఎప్పుడూ తగాదా పడలేదు, ఎందుకంటే గీత గీసేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు, గీత ఇద్దరికీ కనిపించే చోట ఉంది. మీ స్లిప్పులో నాకు లోపంగా తోచేది అదే. లెక్క ఒకరి వైపున పుడుతుంది, రెండోవారికి కాగితం అందుతుంది.

చెక్కముక్క
అమ్మమ్మ_గోడ గారి మాట విన్నాక 1992లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డరెల్ బిషప్ ఊహించిన ఫోన్ జవాబు యంత్రం గుర్తొచ్చింది. వచ్చిన ప్రతి సందేశానికి ఒక గోళీ బయటికి దొర్లుతుంది. గోళీని తీసి గుంటలో పెడితే సందేశం వినిపిస్తుంది. ఎన్ని గోళీలుంటే అన్ని సందేశాలు, కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. తెర అక్కర్లేదు, చదువు అక్కర్లేదు.

ఉలవచారు
ఇక్కడ నేను విభేదిస్తాను. గోడ గీతలు, గోళీలు మనసుకు హాయిగా ఉంటాయి, కానీ వెన్న శాతం పాయింటు తరువాత అంకెతో సహా ఉంటుంది. రైతులకు అంకెలు అర్థం కావని ముందే అనుకుని బొమ్మలు ఇవ్వడం వారిని తక్కువ చేయడమే. మా ఊళ్లో బడికి పోని ఆడవాళ్లు చీటీపాట లెక్కలు నోటితో కడతారు.

అమ్మమ్మ_గోడ
ఉలవచారు గారు, గీతలు అంకెలు రానివారి కోసం కాదు. మా అమ్మమ్మకు లెక్కలు బాగా వచ్చు. ఇద్దరి ఎదుట లెక్క పుట్టాలని మాత్రమే నా మాట.

గవ్వలపేక
మా దగ్గర ఇంకో రకం పద్ధతి నడుస్తోంది. 1975లో సంగీతకారుడు బ్రయన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ కలిసి ఒక పేక అచ్చు వేశారు. పని ఆగినప్పుడు ఒక ముక్క తీస్తే, దాని మీద ఒక చిన్న సలహా ఉంటుంది, అది సూటిగా మీ సమస్య గురించి ఉండదు, అందుకే పక్కదారి చూపిస్తుంది. మేము ఆ ఊహ తీసుకుని సామెతలతో పేక చేసుకున్నాం. ముక్క తీసినవారు ఆ సామెతను తమ పరికరానికి నిజం చేసి చూపాలి.

ఒకసారి మా దరఖాస్తు యంత్రం గురించి మాట్లాడుతుండగా పొమ్మనలేక పొగ పెట్టినట్టు అన్న ముక్క వచ్చింది. మా యంత్రం ఎక్కడ పొగ పెడుతోందని వెతికితే, తప్పు పడిన ప్రతిసారీ కారణం చెప్పకుండా మొదటి తెరకు పంపిస్తోందని, మూడుసార్లు అలా జరిగాక మనిషి తనంతట తానే లేచి వెళ్లిపోతున్నాడని కనిపించింది. ఆ లోపం ఏడాదిగా మా ఎదుటే ఉంది. అడగందే అమ్మైనా పెట్టదు అన్న ముక్క వచ్చినప్పుడు, అడగకుండానే ఏది చెప్పాలి, అడిగితేనే ఏది చెప్పాలి అని రెండు జాబితాలు పుట్టాయి. గీతల_సంచి గారి సమస్యకు మాత్రం వెన్న చేత పట్టుకుని నేతికి దేవులాడినట్టు అన్న ముక్క తప్పకుండా తీయాలి!

నల్లబల్ల
గవ్వలపేక గారి పద్ధతిని నా తరగతిలో రేపే వాడతాను. ముక్కను యాదృచ్ఛికంగా తీయాలన్న నియమాన్ని మాత్రం వదలకండి, నచ్చిన సామెతను ఎంచుకునే వీలిస్తే మళ్లీ పాత మూసకే వెళతాం.

తలకిందులు
మాది ఇంకా సులువు. ప్రశ్నను తిరగేస్తాం. రైతుకు నమ్మకం ఎలా కలిగించాలి అని కాకుండా, రైతును అనుమానంతో వేధించి పంపాలంటే యంత్రాన్ని ఎలా తయారు చేయాలి అని అడగండి. అంకెలు ఉద్యోగి వైపు మాత్రమే కనిపించాలి, చప్పుడు చేయకూడదు, కాగితం తడిస్తే చెరిగిపోవాలి, ధర ఎందుకు మారిందో రాయకూడదు. రాసుకున్నాక ఆ జాబితాను ఇప్పుడున్న యంత్రం పక్కన పెట్టి చూడండి. ఒక ఆసుపత్రి టోకెన్ల పనిలో మేము ఇలా రాసిన పదకొండింటిలో తొమ్మిది అప్పటికే అమలులో ఉన్నాయి.

తోలుబొమ్మ
నేను చెప్పేది తెర వెనక మనిషిని కూర్చోబెట్టే పద్ధతి. 1983లో ఐబీఎం పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. మాట్లాడితే తనంతట తాను టైపు చేసే యంత్రం అప్పటికి లేదు. అది ఉంటే మనుషులు ఎలా వాడతారో తెలుసుకోవడానికి, మైకులో మాట్లాడిన మాటలను పక్క గదిలోని టైపిస్టు విని కొడుతుంటే, అవి మాట్లాడేవారి ఎదుటి తెర మీద కనిపించేలా ఏర్పాటు చేశారు. మన తోలుబొమ్మలాట కూడా ఇదే కదా. మీరు కూడా ఒక డబ్బాలో స్పీకరు పెట్టి, వెనక నుంచి మీలో ఒకరు తెలుగులో వెన్న శాతం, ధర చెప్పి చూడండి. ఇప్పుడు కిరాణా దుకాణాల్లో డబ్బు చేరిందని పలికే సౌండ్ బాక్సులకు అందరూ అలవాటు పడ్డారు కాబట్టి వింతగా ఉండదు. ప్రయోగం అయ్యాక అసలు సంగతి వారికి తప్పకుండా చెప్పాలి.

ఉలవచారు
ఆ డబ్బా నాకు నచ్చలేదు. దుకాణదారుకు డబ్బు వచ్చిందని పది మందికి వినిపిస్తే నష్టం లేదు. ఫలానా ఆవిడ పాలలో వెన్న తగ్గిందని వరుసలో నిలబడ్డ ఊరందరికీ వినిపిస్తే, నీళ్లు కలిపిందన్న నింద ఆ క్షణమే పుడుతుంది.

చెంబు
ఉలవచారు గారు ముఖ్యమైన మాట అన్నారు. దీనికి మన ఎదుటే ఒక జవాబు ఉంది. మన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాన్ని చూడండి. బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాదులోని ఈసీఐఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థలు వాటిని తయారు చేస్తాయి. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి వాడారు. మీట నొక్కగానే పొడుగ్గా బీప్ అంటుంది. ఓటు పడిందని గదిలో అందరికీ తెలుస్తుంది. ఎవరికి పడిందో చెప్పే చిన్న దీపం మాత్రం నొక్కినవారికే కనిపిస్తుంది. జరిగిందన్న సంగతి అందరికీ, ఏమి జరిగిందన్న సంగతి ఒక్కరికే. పాల కేంద్రానికి కావలసిన విభజన ఇదే అని నాకు అనిపిస్తోంది.

తోలుబొమ్మ
ఒప్పుకుంటున్నాను. నా డబ్బా బీప్ మాత్రమే అంటుంది.

వేసవి_చీకటి
కళ్లకు గంతలు కట్టుకుని పరికరం వాడి చూడటం గురించి ఎవరైనా చెబుతారని ఎదురుచూశాను. హైదరాబాదు ఇనార్బిట్ మాల్‌లో డైలాగ్ ఇన్ ది డార్క్ అనే చీకటి ప్రదర్శన ఒకటి నేను చూశాను. జర్మనీలో 1988లో మొదలైన ఆలోచన అది. కటిక చీకట్లో చూపు లేని మార్గదర్శి మనల్ని నడిపిస్తారు. అక్కడ నేను నేర్చుకున్నది గంతలు కట్టే డిజైనర్లు తరచూ మరిచిపోయే విషయం. నాకు చీకటిలో భయం వేసింది, ఆయనకు వేయలేదు. గంతలు కట్టుకుంటే చూపు కొత్తగా పోయినవారి తడబాటు తెలుస్తుంది కానీ, చూపు లేకుండా ఏళ్లుగా బతికినవారి నేర్పు తెలియదు. కాబట్టి గంతలు కట్టుకోవడం కంటే చూపు లేనివారిని బృందంలోకి పిలవడం మేలు.

రాత్రి_షిఫ్టు
ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడే మాట ఇది.

పాత_బ్యాటరీ
ఒక కఠిన నియమం పెట్టుకోమని నా సలహా. తెర ఉండకూడదు, ఇంటర్నెట్ ఉండకూడదు, కొత్త చిప్పు ఉండకూడదు. జపాన్ ఆటల కంపెనీ నింటెండోలో పనిచేసిన గున్‌పే యొకోయ్, రైల్లో ఒక ప్రయాణికుడు పొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ ఉండటం చూసి, అప్పటికే చవకగా దొరుకుతున్న కాలిక్యులేటరు తెరతో 1980లో చేతిలో ఆడుకునే ఆటలు తయారు చేశారు. పాతబడి, చవకబడి, లోటుపాట్లు తెలిసిపోయిన సామగ్రిని కొత్త పనికి వాడాలన్నది ఆయన జీవితకాల సూత్రం. మన దేశంలో మిస్డ్ కాల్ కూడా అలాంటిదే. ఫోను ఎత్తకుండానే వచ్చాను, దిగాను, పిలువు అన్న కబుర్లన్నీ పైసా ఖర్చు లేకుండా పంపుకున్నాం.

గీతల_సంచి
మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. మీరు చెప్పినవాటిలో ఐదు చేశాం.

మొదట తలకిందులు గారి ప్రశ్న అడిగాం. పద్నాలుగు వచ్చాయి. వాటిలో పది ఇప్పుడున్న ఏర్పాటులో ఉన్నాయి. తరువాత చెంబు గారు చెప్పినట్టు క్యాను ముందు కూర్చుని ప్రశ్నలు రాశాం. అరగంట తరువాత మాలో అందరికంటే చిన్నమ్మాయి, తడి చేతులతో దీన్ని మోసేవారు స్లిప్పును ఎక్కడ పెట్టుకుంటారు అని రాసింది. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఒప్పందం ప్రకారం ఎవరమూ నోరు విప్పకుండా, మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి కేంద్రానికి వెళ్లాం. స్లిప్పును కొంగు చివర ముడి వేసుకుంటున్నారు, లేదా రొంటిన దోపుకుంటున్నారు. ఇంటికి చేరేసరికి పాలతడికి, చెమటకు అచ్చు మాసిపోతోంది. మేము ఆరు వారాల్లో ఒక్క చీటీ మీద కూడా ఈ సంగతి రాయలేదు.

రాత్రి_షిఫ్టు గారి మాట ప్రకారం మాలో ఇద్దరం పన్నెండు రోజులు అక్కడే ఉన్నాం. నాలుగో రోజు నుంచి చెక్కముక్క గారి పద్ధతి మొదలుపెట్టాం. అరచేయంత చెక్కకు ఒక రంధ్రం చేసి, తాడు వేసి, తాడు మీద జరిగే ఎర్ర పూస ఒకటి పెట్టి, పాలు పోసే పద్దెనిమిది మందికి ఇచ్చాం. ఇది ఏమిటని అడిగితే, మీరే చెప్పండి అన్నాం. చాలామంది దాన్ని క్యాను పిడికి కట్టారు. చేతిలో ఎవరూ పట్టుకోలేదు. అక్కడితోనే యాప్ ఆలోచన మా మనసుల్లో నుంచి పోయింది.

పూసతో ఏమి చెప్పాలో మాకూ తెలియదు. మొదట ధర, తరువాత వెన్న శాతం చూపించి చూశాం, ఎవరూ పట్టించుకోలేదు. ఏడో రోజున ఒక పెద్దావిడ విసుగ్గా అన్న మాట ఇది: నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా, అది చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటాను. అప్పటి నుంచి తెర వెనక మనిషిలా నేను ఎనలైజర్ దగ్గర నిలబడి, పెరిగితే పూసను పైకి, తగ్గితే కిందికి జరిపి ఇచ్చాను. వరుసలో వెనకున్నవారికి కనిపించదు, ఆవిడకు కనిపిస్తుంది. తగ్గిన రోజున ఇద్దరు ఆగి, ఎందుకని ఉద్యోగిని అడిగారు. వరుస రెండు నిమిషాలు ఆగింది, ఎవరూ కోప్పడలేదు.

పాలవెల్లి
పశుపోషణలో ఉన్నవాడిని కాబట్టి ఒక హెచ్చరిక చేయాలి. పొద్దుటి పాలను నిన్న సాయంత్రం పాలతో పోల్చితే మీ పూస అబద్ధం చెబుతుంది. రెండు పితుకుళ్ల మధ్య వ్యవధి ఎక్కువైతే పాలు ఎక్కువ వస్తాయి, వెన్న శాతం తగ్గుతుంది. అందుకే సాధారణంగా మాపటి పాలలో వెన్న కొంచెం ఎక్కువగా ఉంటుంది. పితికేటప్పుడు చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ కాబట్టి, దూడకు చివరి పాలు వదిలిన పూట శాతం పడిపోతుంది. మేతలో ఎండుగడ్డి పాళ్లు మారినా మారుతుంది. పొద్దుటి పాలను నిన్నటి పొద్దుటి పాలతోనే పోల్చండి.

ఉలవచారు
పాలవెల్లి గారి మాట చదివాక నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. దూడకు ఎక్కువ వదిలావా, మేత మారిందా అన్న ప్రశ్నలు పూస చూసిన మనిషికి తనంతట తట్టాలి. అంకె ఒక్కటే ఆ పని చేయలేదు.

గీతల_సంచి
పాలవెల్లి గారు, మీ హెచ్చరిక నిన్న చదివాను. ఈ రోజు ఉదయం కేంద్రానికి వెళితే, ఆ పెద్దావిడ తన చెక్కకు మేకుతో ఇంకో రంధ్రం పొడిచి, రెండో తాడు తానే కట్టుకుని వచ్చారు. ఎర్ర పూస పొద్దుటి పాలకు, ఇంటి నుంచి తెచ్చిన నల్ల పూస మాపటి పాలకు అని చెప్పారు. మిగిలిన పదిహేడు చెక్కలకు కూడా రెండో రంధ్రం చేయడానికి ఈ సాయంత్రం వడ్రంగి దగ్గరకు వెళుతున్నాం.